ఒడ్డున ఉన్నవాళ్ళ యుద్ధం చూపించే సినిమాలు, సీరియల్స్ చెప్పండి (మా అమ్మమ్మ కోసం)

పాతపట్నం లలిత:

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకి 91 ఏళ్ళు. చూపు బాగానే ఉంది, చెవులే కాస్త మందం. రెండు వారాల కిందట టీవీలో 'ఘాజీ' సినిమా పెట్టాను. విశాఖ కథ కదా, ఇష్టపడుతుందనుకున్నాను. కదలకుండా చివరిదాకా చూసింది. అయిపోయాక కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ, "ఏటే, అంతా నీళ్ళ కిందేనా? ఒడ్డు మీద మేం లేమా?" అంది.

ఆ మాట అప్పటినుంచీ నా బుర్రలోంచి పోవట్లేదు. ఆవిడ నిజంగానే ఒడ్డు మీద ఉంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

మొదటిది 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన రోజు. అమ్మమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇల్లు వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర. మళ్ళీ వస్తారట అన్న మాట వీధి వీధికీ పాకేసరికి జనం మూటలు కట్టేశారు. వీళ్ళకి శృంగవరపుకోట దగ్గర పల్లెలో బంధువులుండేవారు. ఎడ్లబండిలో ముసలివాళ్ళు, పిల్లలు, రెండు బస్తాల బియ్యం, ఆవకాయ జాడీ. మిగతావాళ్ళది నడకే. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుని గిన్నెతో సహా బండిలో పెట్టుకుందట మా తాతమ్మ. పెరట్లో ఆవుని మాత్రం తీసుకెళ్ళలేకపోయారు. చూడి ఆవు, అంత దూరం నడవలేదు. తాతమ్మ పలుపు విప్పేసి, తొట్టి నిండా కుడితి పోసి, దాని మొహం చూడకుండా వచ్చి బండెక్కిందట. రెండు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి తొట్టి ఎండిపోయి ఉంది. ఆవు లేదు. మా చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ప్రతిసారీ తొట్టి దగ్గరికొచ్చేసరికి అమ్మమ్మ గొంతు మారిపోయేది.

రెండోది 1971 డిసెంబర్ 3 రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గర మునిగిన రాత్రి. అప్పటికి ఆవిడకి నలుగురు పిల్లలు. కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, బల్బు చుట్టూ అట్ట చుట్టి, పిల్లల్ని పడుకోబెట్టింది. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా చిన్నమావయ్య నిద్రలోనే మంచం మీంచి దొర్లి కిందపడ్డాడు. ఆ శబ్దం సినిమాలో ఉంది. ఆ అద్దాలు లేవు. ఆవిడ అడిగింది వాటి గురించే అనిపించింది.

'కంచె' కూడా చూపించాను. పల్లెటూరి భాగం చాలా ఇష్టంగా చూసింది. కానీ అందులో యుద్ధమంతా ఎక్కడో ఇటలీలో జరుగుతుంది. నాకు కావలసింది ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ యుద్ధం. రేషను, చీకటి, మూటలు, ఎవరొస్తారో ఎవరు రారో తెలియని ఎదురుచూపు. ఏ భాషైనా పర్వాలేదు, నేను పక్కన కూర్చుని కథ చెప్తాను. రక్తం తక్కువుంటే మంచిది, బీపీ ఉంది, నాకు టెన్షన్. దయచేసి మీరు స్వయంగా చూసినవే చెప్పండి.

డాక్‌యార్డ్ రిటైర్డ్:

లలితమ్మా, ముందు మీ అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి. నేను డాక్‌యార్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆవిడ అడిగినది న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే ఆ కథలో ఒడ్డుకి నిజంగానే పెద్ద పాత్ర ఉంది.

సినిమాలో మన జలాంతర్గామి ఒకటి వెళ్ళి ఘాజీతో తలపడుతుంది. అది కల్పన. మన నేవీ చెప్పేదాని ప్రకారం ఘాజీని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక, డెప్త్ ఛార్జీలు (నీళ్ళలోపల పేలే బాంబులు) వేసి. పాకిస్తాన్‌వాళ్ళేమో లోపల పేలుడు జరిగి మునిగిందంటారు. ఎలా మునిగినా అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు.

మీ అమ్మమ్మగారికి చెప్పవలసిన సంగతి ఇంకొకటుంది. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేశారు. కానీ అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాలి. అందుకని తూర్పు నేవీ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించడంతో ఊరుకోలేదు. ఊళ్ళో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరిచ్చారు. అంత పెద్ద ఓడ దగ్గర్లో ఉంటే తప్ప అంత సరుకు అవసరం పడదు కదా, గూఢచారులు ఎవరైనా ఉంటే ఆ కబురు మోసుకెళ్తారని. అంటే ఆ వారం మన బజార్లో కూరగాయల బస్తాలు మోసినవాళ్ళకి కూడా తెలియకుండానే ఆ యుద్ధంలో చెయ్యి ఉంది. తర్వాత నీళ్ళ మీద తేలుతున్న లైఫ్ జాకెట్లలాంటివి చూసి కబురు తెచ్చింది కూడా మన జాలర్లే. ఈ రెండూ తీస్తే చాలు, ఇంకో సినిమా అవుతుంది. ఎవరూ తియ్యలేదని నాకు బాధ.

ఇంకొక్క మాట. 1942లో జపాన్‌వాళ్ళు వేసిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. వీలైతే తీసుకెళ్ళి చూపించండి.

చోడవరం మాస్టారు:

అమ్మా, నేను సత్యజిత్ రాయ్ తీసిన 'అశని సంకేత్' చెప్తాను. 1973లో వచ్చింది, బెర్లిన్‌లో పెద్ద బహుమతి తెచ్చుకుంది. బెంగాలీ. అందులో ఒక్క తుపాకీ కూడా పేలదు. పల్లెటూళ్ళో ఒక ఆడమనిషి నదిలో స్నానం చేస్తుంటే పైన విమానాలు వెళ్తాయి. వాటిని కొంగల బారులా ముచ్చటగా చూస్తుంది. ఆ తర్వాత సినిమా అంతా బియ్యం ధర. కొట్లో బియ్యం లేవంటారు, పక్క ఊళ్ళోనూ లేవంటారు, ఆడవాళ్ళు అడవి దుంపలు తవ్వుకోడానికి వెళ్తారు. అది 1943 కరువు. విమానాలకీ ఆ ఖాళీ గంపకీ ఉన్న సంబంధం ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. సినిమా బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇది నాకు ఇంటి సంగతి కూడా. మా తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పని చేసేవాడు. 1941 డిసెంబర్‌లో అక్కడ బాంబులు పడ్డాక చేతిలో ఉన్నదంతా వదిలేసి నడిచి వచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాంతో బర్మా బియ్యం ఆగిపోయింది. మా నాయనమ్మ "మీ తాతొచ్చాడు, బియ్యం రాలేదు" అనేది. చోడి అంబలి తాగి గడిపామని చెప్పేది.

కానీ ఆఖర్లో ఆకలితో ఒకామె చనిపోతుంది. మీ అమ్మమ్మగారికి పెట్టేముందు మీరు ఒక్కరూ ఒకసారి చూడండి.

కురేలో మూడేళ్ళు:

లలిత గారూ, నేను ఉద్యోగం మీద జపాన్‌లో హిరోషిమా పక్కన కురే అనే ఊళ్ళో మూడేళ్ళున్నాను. మాది గాజువాక. ఆ ఊరు చూస్తే మన ఊరే గుర్తొచ్చేది. ఒకవైపు కొండలు, ఒకవైపు నేవీ రేవు. మనకి బీచ్‌లో కుర్సురా ఉన్నట్టు అక్కడా ఒక పాత జలాంతర్గామిని ఒడ్డుమీదికి తెచ్చి మ్యూజియం చేశారు.

ఆ ఊరి మీద 2016లో ఒక యానిమేషన్ సినిమా వచ్చింది. 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్', దర్శకుడు కతాబుచి. కథ సుజు అనే అమ్మాయిది. 1944లో హిరోషిమా నుంచి కురేకి కోడలిగా వస్తుంది. మీరడిగినవన్నీ ఉన్నాయి. బియ్యం చాలక, గింజల్ని వేయించి నానబెట్టి ఉబ్బేలా చేసి వండుతుంది. గిన్నె నిండుగా కనబడుతుంది, తింటే ఎవరికీ నచ్చదు. చక్కెరకి చీమలు పడుతున్నాయని చక్కెర కుండని నీళ్ళలో తేలేస్తుంది, అది కాస్తా మునిగిపోతుంది. ఉన్న చక్కెరంతా కరిగిపోయాక బ్లాక్ మార్కెట్‌కి వెళ్ళి దారి తప్పుతుంది. కొండ మీద పొలం గట్టున కూర్చుని రేవులో ఓడల బొమ్మ వేసుకుంటుంటే మిలిటరీ పోలీసులు గూఢచారి అని పట్టుకుంటారు. ఇవన్నీ చూస్తుంటే ఇంట్లో మనుషుల్ని చూస్తున్నట్టే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. మొదటిది, బాంబులు వేసేది అమెరికా, పడేది జపాన్ మీద. అమ్మమ్మగారికి ముందే చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి. రెండోది, 1945 జూన్ దగ్గరికి వచ్చాక, సుజు ఆడపడుచు కూతురు హరుమి చెయ్యి పట్టుకుని నడిచే సీన్ దగ్గర ఆపెయ్యండి. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీరు విడిగా చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' అని ఇంకెవరైనా చెప్తే మాత్రం ఆవిడకి వద్దు. గొప్ప సినిమానే, కానీ నేను రెండోసారి చూడలేకపోయాను.

కెంట్ నుంచి పద్మజ:

ఇది అమ్మమ్మగారికి కాదు, లలితా, నీకు. 'ఫాయిల్స్ వార్' అని బ్రిటిష్ సీరియల్, 2002లో మొదలైంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ అనే చిన్న ఊరు, 1940 మే నుంచి. హీరో ఫాయిల్ అనే పోలీసు అధికారి. యుద్ధానికి పనికొస్తానని అడిగితే వద్దు, ఊళ్ళోనే ఉండమంటారు. వేలమంది చచ్చిపోతుంటే ఒక్క హత్య గురించి ఇంత పట్టుదల ఎందుకని అందరూ అతన్ని అడుగుతుంటారు. అతను వదలడు. మొదటి సీజన్‌లోనే ఒక ఎపిసోడ్‌లో ఇటలీ బ్రిటన్ మీద యుద్ధానికి దిగిందని తెలిసిన రోజు, ఊళ్ళో ఏళ్ళ తరబడి హోటల్ నడుపుకుంటున్న ఇటలీ ఆయన కొట్టుకి జనం నిప్పు పెడతారు. ఫాయిల్‌కి ప్రాణస్నేహితుడు ఆయన, అందులోనే పోతాడు. కాల్చినవాళ్ళు నిన్నటిదాకా అక్కడ భోంచేసినవాళ్ళే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాకు ఆ ఊరు దగ్గరే. రేవు ఒడ్డున వలలు దాచుకోడానికి కట్టిన పొడుగాటి నల్ల చెక్క కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. మాటలు ఎక్కువ, ఒక్కో ఎపిసోడ్ గంటన్నర. పెద్దావిడకి ఆపి ఆపి చెప్పడం కష్టం.

పాతపట్నం లలిత:

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం కురే సినిమా పెట్టాను. జపాన్ అని ముందు చెప్పలేదు. చెప్పకుండా పెట్టినందుకు మనసులో పీకుతూనే ఉంది.

చక్కెర సీన్‌కి అమ్మమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో కుండ పెట్టాలి గానీ, కుండనే నీళ్ళలో పెట్టిందేటే పిచ్చితల్లి!" అని. మా ఇంట్లో బెల్లం డబ్బా ఇప్పటికీ అలాగే ఉంటుంది. బియ్యం ఉబ్బించినప్పుడు రిమోట్ నా చేతిలోంచి తీసుకుని తనే ఆపింది. పల్లెలో ఉన్న రెండు నెలలూ వాళ్ళమ్మ నూకల జావలో ఎన్ని నీళ్ళు కలిపేదో చెప్పింది. ఈ సంగతి నాకింతవరకూ తెలియదు. ఆవు కథే తెలుసు.

తర్వాత 1945 మార్చిలో మొదటి దాడి. సుజు కూరగాయల మడిలో నిలబడి ఆకాశంలోకి చూస్తుంటుంది. ఫిరంగి గుళ్ళు రంగురంగులుగా పేలుతుంటాయి. ఇప్పుడు బొమ్మ వెయ్యడానికి చేతిలో రంగులుంటే బాగుండేదని ఆ అమ్మాయి అనుకుంటుంది. అమ్మమ్మ ముందుకి వంగి, "ఎవరేస్తున్నారే?" అంది. అమెరికావాళ్ళని చెప్పాను. "ఎవరి మీద?" అంది. జపాన్ మీద అమ్మమ్మా, ఈ అమ్మాయి జపాన్ అమ్మాయే అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. నాకు గుండె దడ మొదలైంది. టీవీ కట్టేద్దామని లేచాను. అప్పుడు గట్టిగా, తెరవైపు చెయ్యి ఊపుతూ, "ఆ గుంటని లోపలికి పొమ్మనే, అలా నిలబడిపోయిందేటి!" అంది.

సుజు మామగారు పరుగున వచ్చి సుజునీ పక్కనున్న హరుమినీ కిందికి వంచి కాపాడేదాకా నా మణికట్టు వదల్లేదు.

హరుమి సీన్‌కి ముందే ఆపేశాను. మిగతాది ఎప్పుడని పొద్దున్నే అడిగింది. ఇంకా నిర్ణయించుకోలేదు. ఈలోగా మ్యూజియంకి తీసుకెళ్దామనుకుంటున్నాను. డాక్‌యార్డ్ బాబాయ్ గారూ, ఆ బాంబు కింది గదిలోనే ఉంటుందా, మెట్లెక్కాలా? ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వీల్‌చైర్ లోపలిదాకా వెళ్తుందో లేదో కూడా కాస్త చెప్పండి.