జర్మనీలో సంభాషణా వ్యవస్థల పరిశోధన ఉద్యోగం: తెలుగు మీద చేసిన పనిని దరఖాస్తులో ఎక్కడ పెట్టాలి?

మాటలమూట (ప్రశ్న):
నమస్కారం. నేను హైదరాబాదులో భాషాశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, ఏడాదిగా తెలుగు వాక్యాలకు వ్యాకరణ ట్యాగులు పెట్టే పనిలో ఉన్నాను. ఫోనులో రైళ్ల వివరాలు అడిగేవారి సంభాషణల మీద నా ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశాను. జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయం సంభాషణా వ్యవస్థల (అంటే మనుషులతో మాట్లాడే కంప్యూటర్ వ్యవస్థల) పరిశోధనకు ఒక ఉద్యోగం ప్రకటించింది. దానితోపాటే పిహెచ్‌డి చేసుకోవచ్చని, జీతం టీవీ-ఎల్ (జర్మన్ రాష్ట్రాల ప్రభుత్వోద్యోగుల జీతాల పట్టిక) ఇ13 శ్రేణిలో 65 శాతమని, కాలపరిమితి మూడేళ్లని అందులో ఉంది. 65 శాతం అంటే మిగిలిన సమయానికి బయట ఇంకో పని వెతుక్కోవాలా? జర్మన్ రాకపోతే ఇబ్బందా? వీటన్నిటికన్నా పెద్ద సందేహం ఇంకొకటుంది. ఎంపిక చేసేవారికి బొత్తిగా తెలియని భాష మీద చేసిన పనిని దరఖాస్తులో ముందు పెట్టాలా, లేక పైథాన్ ప్రోగ్రామింగ్ పరిజ్ఞానాన్ని ముందుపెట్టి దీన్ని చివర ఒక్క వాక్యంతో సరిపెట్టాలా?

సార్‌నది ఒడ్డున:
మాటలమూట గారూ, ముందు డబ్బు సంగతి. 2025 పట్టిక ప్రకారం ఇ13లో మొదటి మెట్టు పూర్తి జీతం నెలకు సుమారు 4,600 యూరోలు. అందులో 65 శాతం అంటే సుమారు మూడు వేలు. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను కోతలు పోగా ఒంటరి మనిషికి రెండు వేలకు అటూ ఇటూగా చేతికొస్తుంది. ఆ 65 శాతం ఒప్పందంలో రాసే పనిగంటల లెక్క మాత్రమే. మిగిలిన సమయం మీ పిహెచ్‌డికి అని వారి ఉద్దేశం. ఆచరణలో రెంటికీ మధ్య గీత ఎక్కడుందో నాకు నాలుగేళ్లయినా కనబడలేదు. ఆ జీతం విశ్వవిద్యాలయపు సొంత బడ్జెట్ నుంచి వస్తుంటే సాధారణంగా పాఠాలు కూడా చెప్పాలి, అప్పుడు జర్మన్ అడగవచ్చు. ప్రాజెక్టు నిధులతో అయితే చాలావరకు పరిశోధనే, అదీ ఇంగ్లీషులోనే సాగుతుంది. మూడేళ్లకు పూర్తికాకపోతే పొడిగించే వీలు చట్టంలో ఉంది, ఎందుకంటే పిహెచ్‌డికి ముందు ఆరేళ్ల వరకు ఇలాంటి తాత్కాలిక ఒప్పందాలకు అనుమతి ఉంది. కాని పొడిగింపు మీ హక్కు కాదు, నిధులుంటేనే. కాబట్టి ఇంటర్వ్యూలో ఆ మాట మొహమాటపడకుండా అడగండి. ప్రకటన సంఖ్యను ఉత్తరంలో తప్పక రాయండి, పత్రాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపండి. నేను మొదటిసారి ఏడు ఫైళ్లు పంపాను, జవాబే రాలేదు.

నాలుగోబల్ల:
జీతం గురించి పైవారు చెప్పారు కనుక నేను మీ చివరి ప్రశ్నకే వస్తాను. పైథాన్ దరఖాస్తు చేసే ప్రతివారికీ వచ్చు. మీ దగ్గర మాత్రమే ఉన్నది ఆ రైళ్ల సంభాషణలు. సంభాషణ మీద పనిచేసే జర్మన్ బృందాలకు ఈ రకం సామగ్రి కొత్తేమీ కాదు: 1993 నుంచి 2000 వరకు నడిచిన వెర్బ్‌మొబిల్ ప్రాజెక్టు, సమావేశాల తేదీలు కుదుర్చుకొనేవారి మాటలను జర్మన్, ఇంగ్లీషు, జపనీసుల మధ్య అనువదించడంతోనే మొదలైంది. 2018లో కేంబ్రిడ్జివారు విడుదల చేసిన మల్టీవోజ్ అనే సంభాషణల సేకరణలోని సుమారు పదివేల ఇంగ్లీషు సంభాషణల్లోనూ రైళ్లున్నాయి. అందువల్ల తెలుగు గొప్పదనం గురించి రాయకండి, ఒక్క సమస్య చూపించండి. ఉదాహరణకు, అడిగేవారు "విజయవాడకు రేపు ఎనిమిదిలోపు బండి ఉందా?" అంటారు, సమాధానం వస్తుంది. ఆ తరువాత వారు "రాజమండ్రికైతే?" అంటే గమ్యం మారింది, తేదీ, సమయం మాత్రం అలాగే నిలిచాయి. "రాజమండ్రికీ?" అంటే విజయవాడ పోలేదు, దానికి ఇంకొకటి చేరింది. అదే గుమస్తా "రాజమండ్రికా?" అంటే అది కొత్త ప్రశ్నే కాదు, తాను విన్నది సరేనా అని రూఢి చేసుకోవడం. వ్యవస్థ గుర్తుంచుకోవలసిన సమాచారంలో ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నది ఇక్కడ పదం చివరి ముక్కే తేలుస్తోంది. ఇంగ్లీషులో ఈ బరువులో చాలా భాగం స్వరం మీదా సందర్భం మీదా పడుతుంది. ఈ మూడు మాటలనూ అర్థవివరణతో సగం పేజీలో పెట్టి, మీ సంభాషణల్లో ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఇస్తే, చదివే ఆచార్యుడికి తెలుగు రానక్కరలేదు.

ఇంకొక మాట. రైళ్ల సమాచారం మీదే తెలుగులో సంభాషణతో నడిచే ప్రశ్నోత్తర వ్యవస్థ గురించి 2006లోనే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పత్రం వచ్చింది. దాన్ని ప్రస్తావించకుండా "తెలుగులో ఇదే మొదటి ప్రయత్నం" అని మాత్రం రాయవద్దు.

కొండగాలి:
జర్మనీతోనే ఆగవద్దని నా సలహా. స్వీడన్‌లో పిహెచ్‌డి నాలుగేళ్ల పూర్తి ఉద్యోగం; ఐదో వంతు సమయం బోధనకిస్తే ఐదేళ్లవుతుంది. సంభాషణ పరిశోధనకు గోథెన్‌బర్గ్‌లో మంచి పేరుంది. అయితే అక్కడ గడువు దాటితే సాధారణంగా తీసుకోరు.

మాటలమూట:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగోబల్ల గారూ, "మొదటి ప్రయత్నం" అన్న వాక్యం నిజంగానే నా ఉత్తరం రెండో పేరాలో ఉంది, ఇప్పుడే కొట్టేశాను. మీ మాట విని నిన్న రాత్రి లెక్కపెట్టడం మొదలుపెడితే "కైతే" రూపాలు అనుకున్నదానికన్నా ఎక్కువే కనిపించాయి. కాని కొన్నిచోట్ల "రాజమండ్రికి?" అని ఏ ముక్కా లేకుండానే అడిగారు. వాటిని "కైతే"తో కలపాలా, విడిగా చూపాలా?

నాలుగోబల్ల:
విడిగానే చూపండి. ఆడియో ఉంటే స్వరం కూడా గుర్తించండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని మొదట అడగబోయేది వాటి గురించే.