వాగ్దానం చదువుతున్నా ధైర్యం నిలవడం లేదు

ప్రశ్న (హన్మకొండ సోదరి): అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి, కొత్త సంవత్సర ఆరాధనలో వాగ్దాన కార్డుగా (ఆ ఏడాదికి ఒక బైబిలు వచనం అచ్చువేసి ఇచ్చే కార్డు) నాకు వచ్చిన యిర్మీయా 29:11ను, అంటే దేవుని ఉద్దేశాలు మేలు కోసమే, మంచి భవిష్యత్తు కోసమే అనే వచనాన్ని, ప్రతి ఉదయం చదువుకుంటున్నాను. అయినా ఆయన పరిస్థితిలో మార్పు లేనందున, ఆ మాట మా ఇంటికి నిజంగా వర్తిస్తుందా అనే భయం కలుగుతోంది. నిరీక్షణను, అంటే దేవునిపై ఆశను, ఎలా నిలుపుకోవాలి?

జవాబు (కాజీపేట): అమ్మా, దానికి ముందున్న పదవ వచనాన్ని కూడా చదవండి. అది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా పంపిన లేఖలోని మాట. 70 సంవత్సరాలు గడిచాకే వారిని తిరిగి రప్పిస్తానని దేవుడు అందులోనే చెప్పాడు. అంతవరకు ఇళ్లు కట్టుకుని, తోటలు నాటుకుని, తామున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. విన్న పెద్దవారిలో చాలామంది ఆ తిరుగు ప్రయాణాన్ని చూసి ఉండరు, అయినా వాగ్దానం వారిదే. కార్డు మీద ఈ సందర్భం అచ్చు కాకపోవడం మనకు నష్టమేనని నా అభిప్రాయం.

జవాబు (జగిత్యాల): సహోదరుడు చెప్పింది నిజమే, అయితే నిరీక్షణ అంటే మౌనంగా భరించడం కాదు. పదమూడవ కీర్తనలో దావీదు ‘ఎంతవరకు’ అని దేవుణ్ణే మళ్లీ మళ్లీ అడుగుతాడు. మీ భయాన్ని కూడా ప్రార్థనలో అలాగే చెప్పుకోండి. యెషయా 41:10లో దేవుడు ముందుగా మాట ఇచ్చింది తన తోడును గురించే.

జవాబు (మహబూబాబాద్): అక్కా, యాకోబు 5:14 ప్రకారం సంఘ పెద్దలను ఇంటికి పిలిపించి ప్రార్థన చేయించండి, ఫిజియోథెరపీని మాత్రం ఆపకండి.