తొమ్మిదో తరగతికి ఛందస్సు, అలంకారాలు ఎలా మొదలుపెట్టాలి?

కోనసీమలో ఓ ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. గణాల (గురు, లఘు అక్షరాల గుంపుల) పట్టిక బోర్డు మీద రాయగానే పిల్లల మొహాల్లో టెన్షన్. అదే ఆటవెలది పద్యం రాగం తీసి చదివితే ఇట్టే పట్టేస్తున్నారు. అందుకే ముందు ఆటవెలది చెబుదామనుకుంటున్నా: మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, మిగతా రెండు పాదాల్లో ఐదూ సూర్యగణాలే, ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు. ఉత్పలమాల, చంపకమాల తర్వాత. ఈ వరస సరైనదేనా?

అసలు చిక్కు అలంకారాలతో. "కాలవ అద్దంలా ఉంది" అంటే ఉపమ (పోలిక చెప్పే అలంకారం) అని చెప్పేస్తున్నారు. "కొబ్బరిచెట్లు కాలవలో మొహం చూసుకోవడానికే వంగాయా అన్నట్టున్నాయి" అన్నా ఉపమే అంటున్నారు. అది ఉత్ప్రేక్ష (ఒకదాన్ని మరోలా ఊహించి చెప్పే అలంకారం) అని వాళ్లంతట వాళ్లే గుర్తుపట్టాలని నా ఆశ. క్లాసులో మీరేం చేయించారో అనుభవమున్న మాస్టార్లు, టీచర్లు దయచేసి చెప్పండి.