కెచప్ మంచిదేనా? ఉప్పు తక్కువగా బార్బెక్యూ సాస్ ఇంట్లో చేసుకోవడం ఎలా?

నిప్పులమీద
నాన్నకు బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టర్ గట్టిగానే చెప్పారు. ఆయనేమో కాల్చిన చికెన్ పక్కన సాస్ లేకపోతే కంచం ముందు నుంచి లేచిపోయే రకం. ఇంట్లోనే బార్బెక్యూ సాస్ చేద్దామని చూస్తే ప్రతివాళ్లూ "ఒక కప్పు కెచప్ తీసుకోండి" అనే మొదలుపెడుతున్నారు. అసలు కెచప్ మంచిదేనా? టమాటాయే కదా అని ఒకరంటారు, ఎర్ర రంగు పంచదార పాకమని ఇంకొకరు. ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉండకుండా ఏం వేయాలి? చేసినదాన్ని ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చా?

సీసామూత
మా ఇంట్లో కెచప్ లేని రోజు లేదు, అందరం నిక్షేపంగా ఉన్నాం. పచ్చి టమాటాలో కంటే ఉడికిన టమాటాలో ఉన్న లైకోపీన్ (టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం) బాగా ఒంటబడుతుంది. ఇది నేను చెప్తున్నది కాదు, సైన్స్. ప్రతిదానికీ భయపడితే ఇక గాలి పీల్చి బతకాలి.

లేబుల్‌పురుగు
లైకోపీన్ సంగతి నిజమే. కానీ స్పూనెడు కెచప్‌లో టమాటా ఎంతని? ఒక టేబుల్‌స్పూనులో సుమారు 4 గ్రాముల పంచదార, 150 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం ఉంటాయి. ఒక్క స్పూనుతో ఆగితే గొడవే లేదు. ఆగేదెవరు? పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 2000 మి.గ్రా. సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. సాస్ కోసం కప్పు కెచప్ పోశారంటే అందులోనే 2000 దాటుతుంది. మీరింకా ఉప్పు డబ్బా మూత తీయనేలేదు, అప్పటికే దాదాపు ఒక టీస్పూను ఉప్పు గిన్నెలో పడిపోయింది! పైన సోయా సాస్, అది టేబుల్‌స్పూనుకు 900 దాకా. ఆపైన వూస్టర్ సాస్. ఇన్ని పోసి చివర్లో "ఉప్పు తగినంత" అని రాస్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

వంటగదిసైన్యం
ఇంత లెక్కలెందుకండీ. మామూలు ఉప్పు మానేసి పింక్ సాల్ట్ వాడండి. సోడియం తక్కువ, ఖనిజాలు బోలెడు. మా బాబాయి అది మొదలుపెట్టాక బీపీ మాత్రలే తగ్గించేశారు.

లేబుల్‌పురుగు
పింక్ సాల్ట్ కూడా నూటికి 97 పాళ్ల పైన సోడియం క్లోరైడే. మిగతా పిసరంతలో ఎన్ని ఖనిజాలుంటే ఏం లాభం?

వంటగదిసైన్యం
నేను స్పూనుతో కొలిచి చెప్తున్నా. స్పూనుకు స్పూను తక్కువే. ప్యాకెట్ మీదా అలాగే ఉంది.

తూకంరాయి
స్పూనుతో కొలిస్తే అలాగే కనబడుతుంది. మెత్తటి ఉప్పు టీస్పూను 6 గ్రాములు తూగుతుంది. గళ్లుప్పు అయితే రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువ తూగుతుంది. మీరు తగ్గించింది సోడియం కాదు, స్పూనులో గాలి పెంచారు. అదే రాయిని పొడి చేసి కొలవండి, తేడా ఎటు పోతుందో చూద్దాం.

వంటగదిసైన్యం
గాలైతేనేం, నా స్పూనులో ఉప్పు తగ్గిందా లేదా?

తూకంరాయి
సాస్‌లో అది కరిగిపోతుంది కదండీ. రుచి చూస్తారు, చాలలేదంటారు, ఇంకో అర స్పూను వేస్తారు. లెక్క మళ్లీ మొదటికే. పైగా అయోడిన్ కలిపిన ఉప్పు వదిలేసి అది కలపనిదానికి మారుతున్నారు. దాని గురించి ప్యాకెట్ మీద ఏమైనా రాశారా?

గోరువెచ్చన
పింక్ సాల్ట్ గొడవ పక్కన పెట్టండి. "బాబాయి మాత్రలు తగ్గించేశారు" అని ఇలా అందరూ చదివేచోట రాయకండి. తగ్గించింది డాక్టరా, బాబాయా? ఇది చదివి ఎవరో మాత్రలు ఆపేస్తే మీరు వచ్చి చూసుకుంటారా?

వంటగదిసైన్యం
మా బాబాయి జోలికి రాకండి. ఇక్కడ అందరూ డాక్టర్లే అయిపోయారు.

పొగమంట
పాపం, అడిగింది సాస్ గురించి! నేను చేసే పద్ధతి చెప్తా. కెచప్ ఊసే లేదు. ఉప్పు కలపని టమాటా పేస్ట్ 170 గ్రాములు. కొనేటప్పుడు లేబుల్ మీద టమాటా తప్ప ఇంకేమీ లేకుండా చూసుకోండి. నీళ్లు కప్పు, యాపిల్ సైడర్ వెనిగర్ అర కప్పు, బ్రౌన్ షుగర్ పావు కప్పు, ఒక ఉల్లిపాయ తురుము, ఆవపొడి టీస్పూను, మిరియాల పొడి, స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి) రెండు టీస్పూన్లు. వెల్లుల్లి పొడి వేస్తే గార్లిక్ పౌడర్ అన్నదే తీసుకోండి, గార్లిక్ సాల్ట్ కాదు. సీసాలు పక్కపక్కనే ఒకేలా ఉంటాయి.

ముందు ఉల్లి తురుము కొంచెం నూనెలో రంగు మారేదాకా వేయించాలి. తర్వాత పేస్ట్ ఒక్కటే వేసి రెండు నిమిషాలు కలుపుతూ ఉంటే ఎరుపు ముదురుతుంది, పచ్చివాసన పోతుంది. ఇది వదిలేస్తే మిగతా అంతా దండగ. అప్పుడు మిగిలినవన్నీ పోసి సన్న సెగ మీద 20 నిమిషాలు. మూత కొంచెం ఓరగా పెట్టండి. చిక్కబడేకొద్దీ బుడగలు టప్ టప్ మని పేలి చేతుల మీద పడతాయి, ఆ చురుకు మామూలుగా ఉండదు. గరిటె అడుగున గీస్తే గీత వెంటనే మూసుకోకుండా నెమ్మదిగా కలవాలి, అదే గుర్తు.

ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే నీరు ఇగిరి, మీరు రుచి చూసినదానికంటే ఉప్పన ఎక్కువవుతుంది. పావు టీస్పూను వేసినా రెండు కప్పుల సాస్‌లో టేబుల్‌స్పూనుకు పాతిక మిల్లీగ్రాములు దాటదు.

తీపిచేదు
అన్నా, చేశా. రుచి బాగుంది కానీ పులుపు గూబ అదిరింది. అర టీస్పూను వంటసోడా వేస్తే నురగొచ్చి సర్దుకుంది. అందరికీ పనికొచ్చే చిట్కా.

లేబుల్‌పురుగు
వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. అర టీస్పూనులో 600 మి.గ్రా. పైన సోడియం ఉంటుంది. పావు టీస్పూను ఉప్పుకు ఆయన అంత జాగ్రత్త చెబితే మీరు దాన్ని నురగతో సహా ఎగరగొట్టారు. పులుపు ఎక్కువైతే ఉల్లి ఇంకాస్త వేయించి కలపండి, లేదా ఒక క్యారెట్ ఉడికించి మెత్తగా రుబ్బి కలపండి.

తీపిచేదు
ఉప్పగా లేదు కదా బ్రో?

లేబుల్‌పురుగు
బీపీకి నాలుకతో పనిలేదు బ్రో.

పాకశాల_పెద్దాయన
నా ఉద్యోగ జీవితమంతా సాస్‌ల తయారీలోనే గడిచింది, కాబట్టి ఒక మాట. సోడా వేయడంలో సోడియం కంటే పెద్ద తంటా ఇంకోటుంది. మీ సాస్ పాడవకుండా కాపాడేది ఉప్పు కాదు, వెనిగర్. పులుపును కొలిచే పీహెచ్ (అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కంటే కిందే ఉండాలి. ఆ పైకి పోతే, గాలి చొరబడకుండా మూసిన సీసాలో బాటులిజం విషం తయారుచేసే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. కెచప్ సుమారు 3.9 దగ్గర ఉంటుంది. సోడా వేసి ఆ పులుపు విరగ్గొట్టి, సీసాలో బిగించి అలమరలో పెట్టారనుకోండి, ఇక మీ అదృష్టం. ఇంట్లో చేసిన సాస్ ఫ్రిజ్‌లోనే ఉండాలి.

ఇంకో సంగతి. ఒకప్పుడు కెచప్‌లో నిల్వకు సోడియం బెంజోయేట్ వేసేవారు. అమెరికాలో 1906లో ఆహార చట్టం వచ్చిన రోజుల్లో హార్వీ వైలీ అనే రసాయన శాస్త్రవేత్త దాని మీద పెద్ద పోరాటమే చేశాడు. హైంజ్ కంపెనీ బెంజోయేట్ మానేసి, బాగా పండిన టమాటాలతో, వెనిగర్, పంచదార పెంచి కెచప్ చేసింది. ఇవాళ మనం తిట్టుకుంటున్న తీపి అలా వచ్చిందే.

గోరువెచ్చన
అయితే ప్రిజర్వేటివ్ తీసేసి పంచదార పోశారన్నమాట. భలే ఆరోగ్యం.

సీసామూత
బెంజోయేట్‌లోనూ సోడియం ఉంటుందిగా? దాన్ని ఎవరూ లెక్కపెట్టరేం?

పాకశాల_పెద్దాయన
నూటికి 0.1 వంతు వేసినా టేబుల్‌స్పూనులో దాని సోడియం 3 మిల్లీగ్రాములు రాదు. లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నిప్పులమీద
అందరికీ థాంక్స్. పొగమంట గారి పద్ధతిలోనే చేస్తా. ఐస్ ట్రే సంగతి ఎవరూ చెప్పలేదు. పావు టీస్పూను ఉప్పు కూడా ఎందుకని లో సోడియం సాల్ట్ తెప్పించా, అది వేయొచ్చా?

నడిరాత్రినర్సు
ఆగండి! నాన్నగారు ఏ మాత్రలు వాడుతున్నారో తెలియకుండా అది వేయకండి. లో సోడియం సాల్ట్‌లో సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ వేస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడుతున్నా రక్తంలో పొటాషియం పెరిగిపోవచ్చు. ఎక్కువైతే గుండె లయ దెబ్బతింటుంది. బీపీ ఉన్నవాళ్లకు రాసే మందుల్లో ఇవి చాలా మామూలు. డాక్టర్‌ని అడిగాకే ఆ ప్యాకెట్ విప్పండి. కిడ్నీ జబ్బు ఉంటే టమాటా పేస్ట్ గురించి కూడా అడగాలి, అందులోనూ పొటాషియం బాగా ఉంటుంది. స్పూనుతో భయం లేదు, గిన్నెడు తింటేనే.

వంటగదిసైన్యం
అందుకే పింక్ సాల్ట్ అన్నది.

తూకంరాయి
మళ్లీ వచ్చారండీ.

తీపిచేదు
టాపిక్ మారుస్తున్నందుకు ఏమనుకోకండి. నేను సాస్ పూసి నిప్పుల మీద పెడితే పైన నల్లగా మాడి లోపల పచ్చిగా ఉంటోంది. పంచదార తగ్గించాలా?

పొగమంట
తగ్గించినా అంతే, సాస్ మొదటే పూయకూడదు. ముక్క దాదాపు ఉడికాక, ఆఖరి పది నిమిషాల్లో పల్చగా రెండు పూతలు. పంచదార ఉన్నది ఏదైనా ఎర్ర నిప్పుల మీద అంతకంటే ఎక్కువసేపు నిలవదు. మిగతా సాస్ గిన్నెలో పక్కన పెట్టండి. పచ్చి ముక్క మీద తిప్పిన బ్రష్ మాత్రం ఆ గిన్నెలో ముంచకండి.

నడిరాత్రినర్సు
ఇంకోటి, నిప్పులమీద గారూ. చికెన్‌ని ముందురోజు ఉప్పునీళ్లలో నానబెడుతున్నారా? కొన్ని ప్యాకెట్ చికెన్లు ఉప్పునీరు ఎక్కించే అమ్ముతారు, ఆ లేబుల్ కూడా చూడండి.

నిప్పులమీద
నానబెట్టడం లేదండి, నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలే. ప్యాకెట్ ఇప్పుడే తిప్పి చూశా, వెనకాల సన్న అక్షరాల్లో "ఉప్పు" అని ఉంది. ఎంతో రాయలేదు.