ఆఫీస్ లీజింగ్‌లో టీమ్ లీడ్ కావాలంటే ఏ దారి మంచిది?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆఫీస్ లీజింగ్ చేస్తున్నాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఐటీ కంపెనీలకు బిల్డింగులు చూపించడం, అద్దె, లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం), ఫిట్-అవుట్ (లోపలి ఇంటీరియర్ పనులు) గడువు, మెయింటెనెన్స్ చార్జీలు మాట్లాడటం నా పని. అంతా కొలిక్కి వచ్చాక బిల్డర్‌తో చివరి మాటలకు మాత్రం "రాత్రి మీటింగ్, నువ్వెందుకమ్మా" అంటూ మగ కొలీగ్‌ని పంపుతారు. ప్రమోషన్ దగ్గర డీల్ ఎవరు క్లోజ్ చేశారన్నదే లెక్క. చాలా అన్యాయంగా అనిపిస్తోంది.

ఆర్‌ఐసీఎస్ (చార్టర్డ్ సర్వేయర్లు, అంటే ప్రాపర్టీ నిపుణులకు గుర్తింపు ఇచ్చే బ్రిటన్ సంస్థ) మెంబర్‌షిప్‌కి ప్రయత్నించాలా? 1922లోనే బ్రిటన్‌లో ఐరీన్ బార్‌క్లే తొలి మహిళా చార్టర్డ్ సర్వేయర్ అయ్యారు, అది చదివినప్పటి నుంచి ఆశగా ఉంది. మన బిల్డర్లు దానికి విలువ ఇస్తారా? లేక ఏదైనా పెద్ద కంపెనీ సొంత రియల్ ఎస్టేట్ టీమ్‌లోకి మారడం మేలా? డీల్ క్రెడిట్‌లో వాటా ముందే రాతపూర్వకంగా అడిగినవాళ్లు ఉంటే, బాస్‌తో ఎలా మాట్లాడారో చెప్పండి. ముఖ్యంగా ఈ ఫీల్డ్‌లో సీనియర్ అక్కలు.