పాలపుంతలో ‘పుంత’ అంటే ఏంటి?

మొన్న వరుసగా సెలవులొస్తే మా మేనకోడల్ని హైదరాబాద్ తీసుకెళ్ళి బిర్లా ప్లానెటోరియం చూపించాను. నౌబత్ పహాడ్ మీద ఉంటుంది, 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్రారంభమైంది. తెలుగు షోకే టికెట్ తీసుకున్నాను. లైట్లు ఆర్పేశాక గుమ్మటం నిండా చుక్కలు పొడిచాయి. వాటి మధ్య ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లటి చార. వెనక నుంచి గొంతు “ఇదే మన పాలపుంత” అంది. పిల్ల నా చెవిలో “మావయ్యా, పాలు తెలుసు, పుంత అంటే?” అనడిగింది.

బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. నాకూ తెలీదు. ‘గుంపు’ అని ఉంటుందిలే అనుకుని అదే చెప్పేశాను. ఇంటికొచ్చాక అనుమానమొచ్చింది. నేను చెప్పింది తప్పేనా?

భీమవరం నుంచి:
తప్పేనండీ. పుంత అంటే దారి. చేల మధ్య బండ్లు, పశువులు వెళ్ళే మట్టిదారి. మా గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ‘పుంతరోడ్డు’ అంటాం. ‘పుంతలో ముసలమ్మ’ అని గ్రామదేవత కూడా ఉంది మాకు. మీరూ రోజూ వాడే మాటే. ‘కొత్త పుంతలు తొక్కింది’ అని పేపర్లో చదవట్లేదా? దారి కాబట్టే తొక్కుతున్నారు. గుంపునైతే ఎలా తొక్కుతారు?

గుంటూరు నుంచి:
అదే మా దగ్గర డొంక! గుంటూరులో మూడు వంతెనల దగ్గర డొంకరోడ్డు ఎరగనివాళ్ళుండరు. ఇప్పుడక్కడ చేలూ లేవు, ఎద్దుబండ్లూ లేవు, పేరు మాత్రం మిగిలింది. చుక్కలకి పేరు పెట్టే పని మా గుంటూరోళ్ళకి అప్పగించి ఉంటే పాలడొంక అయ్యుండేది.

కడప నుంచి:
మా పక్క బండిబాట. పుంతా లేదు, డొంకా లేదు.

భీమవరం నుంచి:
ఇంకోమాట. పుంత అంటే ఏదో ఒక దారి అని కాదు. బండ్లు తిరిగి తిరిగి అరిగిన దారి. చక్రాలు నడిచినచోట రెండు గాళ్ళు, నడుమ గట్టులా కొంచెం మిగులుతుంది. చీకటి ఆకాశంలో పాలపుంతని చూసినవాళ్ళకి ఈ మాట ఎంత సరిపోయిందో తెలుస్తుంది. శ్రవణం, అభిజిత్తు నక్షత్రాలకి మధ్యగా వచ్చే భాగంలో ఆ తెల్లటి చార రెండు పాయలుగా చీలి ఉంటుంది. నడుమ నల్లగా కనిపించేది ఖాళీ జాగా కాదు, దుమ్ము. వెనకున్న నక్షత్రాల వెలుగుని అది అడ్డుకుంటోంది. మట్టిదారి, రెండు గాళ్ళు, మధ్యలో దుమ్ము! క్షీరమార్గం అని పెట్టి ఉంటే ఈ బొమ్మ వచ్చేదా?

విజయవాడ నుంచి (మళ్ళీ నేనే):
ఆహా. పిల్లకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: “మనం ఆ పాలపుంతలోనే ఉంటే అది పైన ఎందుకు కనిపిస్తుంది?” దీనికి మాత్రం జవాబు తెలుసు. పాలపుంత అట్టులాగా పలచటి చక్రం. ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు. మనం ఆ అట్టులోపలే ఉన్నాం. అట్టు వెంబడి చూస్తే చుక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి పడి చారలా కనిపిస్తాయి, పైకో కిందికో చూస్తే పలచబడతాయి. ఆ తెలుపు పాలూ కాదు, మబ్బూ కాదు, లెక్కలేనన్ని నక్షత్రాలని 1610లో గెలీలియో తన దూరదర్శినిలో చూసి రాశాడు.

గుంటూరు నుంచి:
మరి వినాయక చవితికి కట్టే పాలవెల్లి? అదీ ఇదీ ఒకటేనా?

భీమవరం నుంచి:
మాటలు వేరు. వెల్లి అంటే ప్రవాహం, వెల్లువలో ఉన్నది అదే. నిఘంటువులో పాలవెల్లి అంటే పాలసముద్రం. కానీ విగ్రహం నెత్తిన చట్రం వేలాడదీసి వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, మామిడాకులు కట్టేది ఆకాశానికి గుర్తుగానే అని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ లెక్కన మీరు టికెట్ కొని చూసొచ్చిన గుమ్మటం ఏటా మన దేవుడి గదిలో ఉచితంగా వేలాడుతోంది.

తెనాలి నుంచి:
చర్చ పక్కదారి పడుతోంది గానీ, ప్లానెటోరియానికి తెలుగు మాట ఏంటి?

విజయవాడ నుంచి:
నక్షత్రశాల అని రాస్తారు, బాగానే ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో ఆటో ఎక్కి నక్షత్రశాలకి పోనివ్వమంటే హోటలేమో అనుకుంటాడు.

అసలు విషయానికొస్తే, ఈ చవితికి పిల్లని తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు తీసుకెళ్తున్నాను. మా బెజవాడలో వీధిదీపాల మధ్య నాలుగు చుక్కలు కనిపిస్తే గొప్ప. అక్కడ మేడ మీద చాప వేసుకుంటాం. భాద్రపదం రాత్రుల్లో మబ్బు లేకపోతే పాలపుంత సరిగ్గా నడినెత్తికొస్తుందట.

తెనాలి నుంచి:
రండి, రండి. కానీ చవితి రోజని మర్చిపోకండి! చంద్రుడు అస్తమించాకే మేడెక్కండి. చవితి చంద్రుడు ఎలాగూ తొందరగానే పోతాడు. ఎందుకైనా మంచిది, కథ విని అక్షతలు నెత్తిన వేసుకునే ఎక్కండి.