ఆస్పత్రి వార్డుకొచ్చే పాస్టరుకి శిక్షణ తప్పనిసరి చేయాలా?

పెదవాల్తేరు అమ్మాయి:
మొన్న శుక్ర, శనివారాలు మన వైజాగ్‌లోనే పాస్టోరల్ కౌన్సెలింగ్ (పాస్టర్లు కష్టంలో ఉన్నవాళ్ళ మాట విని ఓదార్చడం) మీద సదస్సు జరిగితే వెళ్ళాను. (ఆదివారం పెట్టుంటే ఒక్క పాస్టరు గారూ వచ్చేవారు కాదు లెండి.) రెండోరోజు భోజనాలయ్యాక ఒక మాట దగ్గర హాలు రెండుగా చీలింది. శిక్షణ పొందిన చాప్లిన్‌ని (రోగుల్ని ఓదార్చడానికి ఆస్పత్రిలో ఉండే మతసేవకుణ్ణి) తప్ప ఇంకెవరినీ వార్డులోకి రానివ్వకూడదా? నేనైతే రానివ్వకూడదనే అంటాను.

మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మనసు బాగోక మాత్రలు వాడుతున్నానని పక్కన కూర్చున్న పాస్టరు అయ్యగారితో చెప్పుకుంది. ఆదివారం అదే మాట ప్రార్థన విన్నపంగా మైకులో వచ్చింది, పేరుతో సహా. ఆయన ఉద్దేశం మంచిదే. అమ్మ మాత్రం మూడు నెలలు మందిరం గుమ్మం తొక్కలేదు. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ప్రకారం డాక్టరూ నర్సూ పేషంటు గుట్టు దాచాలి. పాస్టరుకి ఆ బాధ్యత ఎవరు నేర్పుతారు?

గాజువాక సేవకుడు:
వందనాలమ్మా. మీ అమ్మగారి విషయంలో జరిగింది తప్పే, దాన్ని సమర్థించను. కానీ చాప్లిన్లకిచ్చే ఆ శిక్షణ, సీపీఈ (క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్), ఒక యూనిట్ అంటేనే అమెరికా లెక్కలో 400 గంటలు. నేను పగలు కాంట్రాక్టు పనిలో ఉంటాను, రాత్రి పరామర్శలకు వెళ్తాను. నా సంఘం నలభై కుటుంబాలు. ఆ 400 గంటలు ఎక్కడి నుంచి తేను? యేసు శిష్యులు పేతురు, యోహాను ‘విద్యలేని పామరులు’ అనే కదా బైబిల్లో రాసుంది. డబ్బున్న సంఘాల పాస్టర్లే రోగుల్ని చూడాలంటారా?

పెదవాల్తేరు అమ్మాయి:
అయ్యగారూ, సర్టిఫికెట్టు గోడకి తగిలించుకోమని కాదు. ఈ చదువు మొదలైన తీరు చూడండి. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆస్పత్రిలో ఆంటన్ బోయిసెన్ వేదాంత విద్యార్థుల్ని వార్డుల్లోకి తీసుకెళ్ళారు. అంతకు అయిదేళ్ళ ముందు ఆయనే అలాంటి ఆస్పత్రిలో రోగి. పుస్తకాలతో పాటు మనుషుల్నీ చదవాలన్నది ఆయన పట్టుదల. ఇప్పటికీ ఆ శిక్షణలో ముఖ్యమైన పని ఒకటుంది: రోగితో మాట్లాడి వచ్చాక ఆయనేమన్నాడు, నేనేమన్నాను అని పొల్లుపోకుండా రాసి, తోటివాళ్ళ ముందు పెట్టాలి. సదస్సులో ఒకాయన తనది చదివి వినిపించారు. రోగి ‘భయంగా ఉంది’ అన్నాడు. ఈయన వెంటనే ‘ప్రార్థన చేద్దాం’ అన్నారు. దేనికి భయమో అడగనే లేదు. అది చదువుతూ ఆయనే ఆగిపోయారు.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ఆపరేషన్ కట్టు మీద అభిషేక నూనె పోసినవాళ్ళని చూశాను, ‘విశ్వాసముంటే ఈ మాత్రలెందుకు’ అన్నవాళ్ళనీ చూశాను. రెండో రకంతోనే నాకు భయం. మాత్ర మింగకుండా దిండు కింద దాస్తారు, మాకు తెలిసేది జబ్బు తిరగబెట్టాకే.

దిండు అంటే గుర్తొచ్చింది. ఒకసారి పక్క దులుపుతుంటే సింహాచలం కుంకుమ, దర్గా తాయెత్తు, రాస్ హిల్ చర్చి నుంచి తెచ్చిన సగం కాలిన కొవ్వొత్తి, మూడూ ఒకే పేషంటువి. ఓడరేవు దగ్గర ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి ఉన్న మూడు కొండల ఊరు మరి. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళేవాళ్ళు ముందు అడగాలి కదండీ, అదీ పేషంటుని. అటెండెంటు ‘చెయ్యండి’ అంటే సరిపోదు.

నిజం చెప్పాలంటే, ఏ కోర్సూ చదవని ఓ ముసలాయన వచ్చేవారు. ఎవరూ లేని పేషంట్లకి గోళ్ళు తీసి వెళ్ళేవారు. మీ రూలు పెడితే ముందు ఆగిపోయేది ఆయనే.

సీతమ్మధార 77:
మతం మార్చడానికే వస్తారు. అందరినీ ఆపేస్తే గొడవే ఉండదు.

మాడుగుల మావయ్య:
ఏటి బావూ అలగంటావు? మా ఇంటిదానికి కేన్సరు. అయిదు వారాలు ఆస్పత్రిలోనే వున్నాం. డాట్రుబాబు రెండు నిమిషాలు సూసి ఎలిపోతాడు. మా పంతులుగోరు గుడొదిలి రారు, ఆరి తప్పు కాదు. ఓ పాస్టరు కుర్రోడు వొచ్చి ‘ప్రార్థన సెయ్యమంటారా’ అనడిగినాడు. మేం అప్పన్న భక్తులం, వొద్దన్నాను. ‘అయితే కాసేపు కూకుంటాను, మీరెళ్ళి టీ తాగి రండి’ అన్నాడు. పొద్దుటి నుంచీ నాను కదల్నేదు, ఆడికెలా తెలిసిందో! తిరిగొచ్చీసరికి మాయావిడ ఆడికి ముంజలు ఎలా కొట్టాలో సెప్తంది. ఆడేటి సదివినాడో నానడగనేదు.

పెదవాల్తేరు అమ్మాయి:
ఆ అబ్బాయి చేసింది శిక్షణలో నేర్పేదే, మావయ్యగారూ. అందరికీ పుట్టుకతో రాదనే నా బాధ. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్, నొప్పి అంటే ఒంటినొప్పే కాదు, మనసుదీ ఆత్మదీ కూడా అన్నారు. కాబట్టి సీతమ్మధార గారూ, అందరినీ ఆపేస్తే ఆ నొప్పి ఎవరు చూస్తారు?

సిస్టర్ గారి మాటకి మాత్రం తగ్గాను. 400 గంటలు జీతం తీసుకునే చాప్లిన్‌కి పెట్టండి. మిగతావాళ్ళకి ఆస్పత్రే రెండు పూటలు కూర్చోబెట్టి, అడగకుండా ప్రార్థన వద్దు, మందుల జోలికి పోవద్దు, విన్నది గేటు దాటనివ్వద్దు అని చెప్పి కార్డు ఇవ్వాలి. మాట తప్పితే కార్డు తీసేసుకోవాలి.

గాజువాక సేవకుడు:
రెండు పూటలైతే సెలవు పెట్టుకుని వస్తానమ్మా. మీ మొదటి పోస్టు చదివాక విన్నపాల చీటీల మీద జబ్బు పేరు రాయొద్దని మా సంఘంలో చెప్పాను. జబ్బేంటో తెలీకుండా ఏమని ప్రార్థించాలంటూ పెద్దలు ఒప్పుకోవట్లేదు. బుధవారం కూడికలో మళ్ళీ కూర్చుంటున్నాం.